పేరు తెలియని వెదురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళ నోట 'తెలియదు' అనే మాట ఒక్కసారి కూడా వినలేదు. ఏది అడిగినా ఠక్కున జవాబు వచ్చేది. వాన ఎప్పుడు పడుతుందో తెలుసు, పక్క ఊరివాళ్ళ ఆవు ఎందుకు పాలివ్వడం లేదో తెలుసు, అప్పుడు జరుగుతున్న ప్రపంచయుద్ధం ఏ నెలలో ముగుస్తుందో కూడా తెలుసు. ఆ జవాబుల్లో సగం తప్పని తరువాత తేలేది. తేలేసరికి వాటిని చెప్పిన సంగతే వాళ్ళు మరిచిపోయేవాళ్ళు. నేను తొంభైకి దగ్గరపడ్డాను, ఇప్పుడు తలుచుకున్నా నాకు విసుగే వస్తుంది. ఆ విసుగంతా మా తోటలో ఉన్న ఒక వెదురు పొద దగ్గర మొదలైంది కాబట్టి దాని సంగతే చెబుతాను.

మా ఊరు చిత్తూరుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఇంటి వెనుక బావి, బావి పక్కన తోట, తోట మూలన ఆ వెదురు. నేను పుట్టకముందు చిత్తూరులో ఎవరో దొర బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే, మా తాతయ్య ఆ బంగళా తోటలోంచి ఒక దుంప తవ్వించి, తడిగోనెలో చుట్టి, బండిలో తెచ్చి నాటాడట. అలాంటిది మా వైపు ఎవరూ చూసి ఎరగరు. మా కొండల్లో ఉండేవి రెండే వెదుళ్ళు. ఒకటి ముళ్ళ వెదురు, లోపలంతా డొల్ల, దగ్గరికి వెళ్తే బట్టలు చింపి పంపుతుంది. రెండోది సాధనం వెదురు, లోపల గట్టిగా రాయిలా ఉంటుంది, చేతికర్రకైనా బండికైనా అదే వాడతారు. మా తోటలోది ఈ రెండూ కాదు. ముళ్ళు లేవు. నున్నగా, లావుగా, ఏపుగా పెరిగి చూడముచ్చటగా ఉండేది. మొదలు దగ్గర కోస్తే మధ్యలో వేలు పట్టేంత సందు తప్ప మిగతాదంతా కండే.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అదేం వెదురని అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పేవాళ్ళు. బడి అయ్యవారు అది చైనా దేశపు వెదురన్నాడు. అడవి గార్డు మా వీధివాకిలి పక్క తిన్నె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ముళ్ళ వెదురేననీ తోట నీళ్ళు తాగి ముళ్ళు రాలిపోయాయనీ తేల్చాడు. మా తాతయ్యకు మాత్రం అది సాధనమే. నీళ్ళు బాగా దొరికి లావెక్కిన సాధనం. ఈ ముగ్గురూ గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు కానీ, లేచి పది అడుగులు వేసి తోటలోకి వెళ్ళి ఆ పొదను దగ్గరగా చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. లోపలినుంచి తిన్నె దాకా మజ్జిగ లోటాలు మోసే పని నాది. నాకు పదేళ్ళు. అప్పటికే నాకు ఆ వెదురు పేరు వింటే తలనొప్పి వచ్చేది.

చివరికి తాతయ్య ఒక మాట అనేవాడు.

"కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా. ఇది సాధనమే."

మా వైపు ఆ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని అందరికీ నమ్మకం. అంత మాట అన్నాక ఇంకెవరు ఎదురు చెబుతారు? అయ్యవారూ గార్డూ తలలూపి, ఖాళీ లోటాలు నా చేతికిచ్చి లేచిపోయేవాళ్ళు. తాతయ్య ప్రమాణానికి వెళ్ళిందీ లేదు, వెదురును చూసిందీ లేదు.

ఇది ఇంతటితో ఆగి ఉంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ ఏడు మా ఊళ్ళో భారతం పెట్టారు. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో ఒక రోజు అర్జునుడి తపస్సు. గుడి ముందు పొడుగాటి తాటిమానును నిలబెడతారు. దాన్ని తపసుమాను అంటారు. ఆ మానుకు అడుగడుక్కీ బెజ్జం వేసి, రెండు పక్కలా జానెడు జానెడు బయటికి వచ్చేటట్టు ఒక్కో వెదురు ముక్క దూరుస్తారు. అవే మెట్లు. అర్జునుడి వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుకుంటూ ఆ మెట్ల మీద ఒక్కో పాదం మోపి కొనదాకా ఎక్కి, పైనుంచి విభూతీ నిమ్మకాయలూ విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టి నిలబడతారు. మాను మీది మనిషికి ఆ మెట్లు తప్ప వేరే ఆధారం ఉండదు, తాడు కూడా కట్టుకోరు. ఆ ఏడు అర్జునుడి వేషం మా నాయనది.

మామూలుగా మెట్లకు కొండనుంచి సాధనం వెదురు కొట్టుకొచ్చేవాళ్ళు. భారతం అయిపోయాక అందరూ తొక్కే నిప్పుల గుండంలో ఆ ముక్కల్ని వేసేయడం మా ఊరి ఆచారం, కాబట్టి ప్రతిసారీ కొత్తవి కావాలి. ఆ ఏడు సర్కారువాళ్ళు యుద్ధం పేరు చెప్పి అడవిలో లావు వెదురు కొట్టనివ్వలేదు. ఊరి పెద్దలు మా తిన్నె మీద చేరి ఏం చేద్దామని తల పట్టుకుంటే, మా తాతయ్య మీసం దువ్వుకున్నాడు. తోటలో సాధనం పెట్టుకుని కొండకు ఎందుకు పోవాలన్నాడు. కొడుకు అర్జునుడు, మెట్లు తన తోటవి. ఆ సంబరంలో ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆయన్ని పూర్తిగా తప్పు పట్టడానికి కూడా లేదు. అదే నాకు ఇంకా ఒళ్ళు మంట. మిగతావన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. వెన్నెల రోజుల్లో నరికిన వెదురుకు పురుగు పడుతుందని పుష్యమాసం అమావాస్య దాకా ఆగాడు. లేతవి వదిలి ముదురు బొంగులే ఎంచాడు. ముక్కలు కోయడానికి ఊరి చివర గుడిసెలో బుట్టలూ చేటలూ అల్లుకునే మేదర అవ్వను పిలిపించాడు. అంతా సరిగ్గా చేసి, ఆ నరుకుతున్నది ఏమిటన్న ఒక్క సంగతి మాత్రం తెలుసుకోలేదు.

మేదర అవ్వ కత్తి పట్టుకుని వచ్చి, మొట్టమొదట పొద చుట్టూ తిరిగింది. అన్నేళ్ళలో ఆ పొద చుట్టూ తిరిగిన మొదటి మనిషి ఆమే. ఆకు విరిచి చూసింది. పొద మొదలు దగ్గర ఎండి రాలిన పొట్టు ఏరి, దానిమీది నూగును వేలితో రాసింది. నేను కూడా రాసి చూశాను, నల్లటి నూగు చేతికి అంటుకుని సాయంత్రం దాకా దురద పెట్టింది. ఆమె ఒక బొంగు నరికి, కోసిన చోట పల్చగా చెక్కు తీసి, నోట్లో వేసుకుని నమిలింది. నాకూ ఒక చెక్కు ఇచ్చింది. చెరుకంత కాదు కానీ తియ్యగా ఉంది.

ఊరి పెద్దలు నలుగురు చూస్తున్నారు. తాతయ్య వాళ్ళ ముందు ఆమెచేత చెప్పించాలని, "చెప్పు మే, ఇది సాధనమే గదా" అన్నాడు.

"నాకు తెలీదయ్యా" అంది అవ్వ.

తాతయ్య ముఖం చూడాలి. "పుట్టినప్పట్నుంచి వెదురు కోసే దానివి, నీకు తెలీదా?"

"తెలిసింటే తెలుసనే అందును. కొండలో ఉండే రెండూ నాకు తెలుసు. ఇది నేను సూడని జాతి. మూడు నెల్లు పెట్టి సూస్తే సెప్తా."

ఆమె గొంతులో బెరుకు లేదు, పొగరూ లేదు. తాతయ్యకు మాత్రం అది పొగరుగానే తోచింది. తెలియనప్పుడు నోరు మూసుకుని ముక్కలు కోయమన్నాడు. ఆమె అలాగే నోరు మూసుకుని, కొలత ప్రకారం చక్కగా కోసి ఇచ్చి, కత్తి తుడుచుకుని బయలుదేరింది. ఆ ముక్కలన్నీ మా నడిమింటి అటక మీదికి ఎక్కాయి, భారతం దాకా ఆరడానికి.

నేను ఆమె వెనకాలే వీధి మలుపు దాకా వెళ్ళాను. నాకు ఆమె మీద కూడా విసుగ్గానే ఉంది. అవునో కాదో ఒక మాట చెప్పేస్తే పోయేది కదా. అదే అడిగాను. ఆమె నిలబడి నన్ను పైకీ కిందికీ చూసింది.

"తియ్యగా ఉండాదా లేదా?"

ఉందన్నాను.

"మనకు తియ్యగా ఉంటే పురుక్కూ తియ్యగానే ఉంటాది. అయితే అది నా అనుమానం. అనుమానం యేరే, తెలిసేది యేరే. సూస్తావా నువ్వు?"

చూస్తానన్నాను. ఆమె తన మోపులోంచి సన్నటి సాధనం ముక్క ఒకటి, మా తోట వెదురు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. రెండింటినీ నీడలో గాలి తగిలేచోట పక్కపక్కన వేలాడదీయమంది. కింద నల్లటిది ఏదైనా పెట్టమంది. రోజూ ఒకసారి చూడమంది, చూసింది మాత్రమే తనకు చెప్పమంది. అంతే. దేనికోసం చూడాలో కూడా చెప్పలేదు.

గొడ్ల కొట్టం చూరుకు రెండు ముక్కలూ వేలాడదీశాను. కింద నా పగిలిన పలక ముక్కలు రెండు పెట్టాను. ఇక మొదలైంది నా కష్టం. రోజూ పొద్దున్నే పేడ తొక్కుకుంటూ వెళ్ళి పలకలు చూడటం, వాటిమీద ఏమీ లేకపోవడం. పది రోజులు, ఇరవై రోజులు. ఒకరోజు కోడి రెట్ట వేసింది, అంతే. మా జేజి, అంటే మా నాయనమ్మ, నన్ను కొట్టంలో చూసినప్పుడల్లా తిట్టేది. మేదర అవ్వ దగ్గరికి పరుగెత్తి ఇంకా ఏమీ రాలేదని చెబితే, ఆమె అల్లుతున్న చేటమీంచి తల ఎత్తకుండా 'రేపు కూడా సూడు' అనేది. ఇలాంటి మనిషితో ఎలా వేగడం? మా ఇంట్లోవాళ్ళు చూడకుండా చెబుతారు, ఈమె చూస్తూనే ఉంటుంది కానీ చెప్పదు. మధ్యలో నాకు పిచ్చెక్కుతోంది.

మాఘమాసం చివర ఒక పొద్దున ఒక పలక మీద తెల్లగా పిండి కనిపించింది. చిటికెడు కూడా లేదు. వేలితో తీస్తే విభూతి కంటే మెత్తగా ఉంది. మా తోట వెదురు కింది పలక అది. సాధనం కింది పలక ఉత్తదే. తుడిచేసి మరునాడు చూశాను, మళ్ళీ ఉంది. ఆ ముక్కను ఎండలోకి తీసుకెళ్ళి తిప్పి చూస్తే, సూదిమొన పట్టేంత బెజ్జాలు నాలుగైదు కనిపించాయి. పైన నున్నగా మెరుస్తూనే ఉంది.

సరిగ్గా అదే రోజుల్లో మా ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. నడిమింట్లో నేలమీద రోజూ తెల్లటి దుమ్ము పడుతోంది. మా అమ్మ ముగ్గు వేసి, పిండి చేతులు దులుపుకోకుండా ఇల్లంతా తిరుగుతోందని మా జేజి సాధింపు. అమ్మ పూటకొకసారి ఊడ్చేది, ఊడ్చిన గంటకు మళ్ళీ పడేది. జేజి ప్రతిసారీ వేలితో నేలను తుడిచి, ఆ వేలును అమ్మ ముఖం ముందు పెట్టేది. మా అమ్మ మళ్ళీ చీపురు తీసుకునేది. నేను ఒకరోజు వంగి, ఆ పిండిని చిటికెతో తీసి చూశాను. ముగ్గు పిండి వేళ్ళకు గరగరలాడుతుంది. ఇది జారిపోయింది. తల ఎత్తి చూస్తే పైన అటక, అటక మీద మెట్లు.

పరుగెత్తుకుని తాతయ్య దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన నడిమింట్లోకి వచ్చి, కింద నిలబడి, అటకవైపు మెడ ఎత్తి చూశాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూడాలని తోచలేదు ఆయనకు.

"నున్నగా ఉండాయి సూడు. అమావాస్య దినం నరికినవి. వాటిని పురుగు ముట్టదు."

మరి నా పలక మీద పిండి? అది మేదర అవ్వ గుడిసెలోంచి పట్టుకొచ్చిన పురుగట. మరి నేలమీది పిండి? అది మీ అమ్మ ముగ్గట. అడిగినదానికల్లా జవాబు ఉంది ఆయన దగ్గర. నేను గోడకు తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మేదర అవ్వకు చెప్పాను. ఆమె నా పలక ముక్కలు రెండూ చూసింది, వెదురు ముక్కను వేళ్ళతో తట్టి వింది, లేచి చీర దులుపుకుని మా ఇంటికి వచ్చింది. తిన్నె కింద నిలబడి తాతయ్యతో చెప్పింది, ఇప్పుడు తనకు తెలిసిందనీ, ఇది పందిళ్ళకు పనికొస్తుంది కానీ మనిషిని మోయడానికి పనికిరాదనీ.

"ఆ పొద్దు తెలీదన్నావు, ఈ పొద్దు తెలుసంటా ఉండావు. నీ మాట ఏది నమ్మేది?" అన్నాడు తాతయ్య. తిన్నె మీదివాళ్ళు నవ్వారు.

నా జీవితంలో నాకు అంత కోపం వచ్చిన సందర్భాలు తక్కువ. చూడకుండా చెప్పినవాళ్ళ మాటకేమో విలువ, తెలియనప్పుడు తెలియదన్న పాపానికి ఆమె మాట చెల్లకుండా పోయింది. ఆమె మాత్రం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నేను ఆమె మీద కూడా కోపగించుకున్నాను, గట్టిగా అరవనందుకు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె అరిచే చోటా అది?

భారతం మొదలైంది. మా నాయన చేతికి కంకణం కట్టారు. కంకణం కట్టాక ఆ మనిషి వెనక్కి తగ్గకూడదు, ఇల్లు చేరకూడదు. గుడిలోనే ఉండి ఒంటిపూట భోంచేస్తూ ఎక్కువ మాట్లాడకుండా ఉండాలి. నేను గుడికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని మెట్ల సంగతి చెప్పాను. మా నాయన చాలా మంచి మనిషి. చిరునవ్వుతో నా తల నిమిరి, "తాత సూసినాడు లే పాపా" అన్నాడు. చూడలేదు నాయనా, అదే కదా నేను చెబుతోంది అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని పద్యం నెమరు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు నిజంగానే నమ్మకం. తన తండ్రి తనను ఎక్కించే మెట్టును చూసుకోకుండా ఉంటాడా అని.

తపస్సుకు ముందురోజు పొద్దున మెట్లను అటక మీదనుంచి దించారు. కడిగి, చిక్కగా పసుపు పూసి, కుంకుమ పెట్టి, వాకిట్లో చాప మీద వరుసగా పేర్చారు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. పసుపు అన్ని బెజ్జాల్లోకీ దిగి పూడుకుపోయింది. ఇక వాటిని చూపించి చెప్పడానికి కూడా ఏమీ లేదు. పెళ్ళికి సిద్ధం చేసినట్టు మెరుస్తున్నాయి. వడ్రంగి వస్తున్నాడని కబురు వచ్చింది. తాతయ్య తిన్నె మీద ఆకు వక్క వేసుకుంటున్నాడు.

ఏం చేస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. చాప మీదినుంచి ఒక మెట్టు తీసుకున్నాను. దాని ఒక కొన వాకిట్లో ఉన్న రోలు మీద, ఇంకో కొన తిన్నె మెట్టు మీద పెట్టాను. దేవుడికి పూసిన పసుపు మీద కాలు పెడుతున్నావేమే అని మా జేజి కేక వేసింది. నేను తిన్నె ఎక్కి, రెండు కాళ్ళతో దానిమీదికి దూకాను.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బాగా ఎండిన కందికట్టె విరిగినట్టు విరిగింది. నేను ముందుకు తూలి పడ్డాను, గడ్డం రోలు అంచుకు తగిలి చీలింది. లేచేసరికి నా పావడా నిండా తెల్లటి పిండి, దానిమీద ఎర్రగా నెత్తురు చుక్కలు. అమ్మ పరుగెత్తుకొచ్చి కొంగు అదిమి పట్టింది. జేజి తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని నా పావడా మీది పిండినే చూస్తోంది. ఆమెకు అప్పుడు అర్థమైంది, మూడు నెలలుగా తను అన్యాయంగా ఎవరి ముఖం ముందు వేలు పెట్టిందో.

తాతయ్య దిగి వచ్చాడు. విరిగిన ముక్క తీసుకుని, కింద అరచెయ్యి పట్టి తట్టాడు. అరచెయ్యి నిండింది. ఆయన ఆ చేతిని చాలాసేపు చూసుకున్నాడు. తరువాత చాప మీదినుంచి ఇంకోటి తీసి, మోకాలికి అడ్డం పెట్టి వంచాడు, విరిగింది. ఇంకోటి తీశాడు, అదీ విరిగింది. నాలుగోది విరగలేదు. ఐదోదాన్ని తీయకుండా చాపను కాలితో చుట్టేశాడు. ఆ పిండి చేతితోనే ముఖం తుడుచుకున్నాడు, ఎవరూ చెప్పలేదు ముఖానికి అంటిందని.

ఆ తరువాత ఆయన నడిచి వెళ్ళింది ఊరి చివరికి, మేదర అవ్వ గుడిసెకు. అంతకుముందు కబురు పంపడమే తప్ప ఆయన ఆ వీధిలో అడుగు పెట్టగా నేను చూడలేదు. గడ్డానికి గుడ్డ కట్టుకుని నేనూ వెనకాలే పోయాను, అమ్మ వద్దంటున్నా. అవ్వ గుడిసె ముందు కూర్చుని వెదురు దబ్బలు చీలుస్తోంది. ఆయన ముఖం మీది పిండి చూసి ఆమె లేచి నిలబడింది.

"నువ్వు చెప్పిందే నిజమయింది మే. రేపు తపస్సు. వానికి కంకణం కట్టేసినారు. యాడనుంచి తెచ్చేదో, ఏం చేసేదో నాకు తెలీదు."

నేను తల ఎత్తి మా తాతయ్యను చూశాను. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అలా అన్నందుకు ఆయన పళ్ళు ఒక్కటీ రాలలేదు.

నేనైతే ఆయన్ని ఒక గంటసేపు నిలబెట్టి, తిన్నె కింద ఆమెను నవ్వులపాలు చేసిన రోజును గుర్తుచేసి ఉండేదాన్ని. ఆమె అలా ఏమీ చేయలేదు. కాసేపు తన గుడిసె కప్పుకేసి చూసింది. ఆ కప్పుకు వేసిన వాసాలన్నీ పాతకాలం నాటి సాధనం వెదుళ్ళు. కింద పొయ్యి పొగకు ఏళ్ళ తరబడి కాగి నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొడుకును పిలిచి, ముందువైపు కప్పు విప్పమంది. అతను తల్లివైపు, తాతయ్యవైపు మార్చి మార్చి చూశాడు. "విప్పరా అబ్బా" అంది మళ్ళీ. తాటాకులు కిందికి దిగాయి. వాసాలు ఊడాయి. ఆమె కొలత అడగలేదు, అంతకుముందు కోసిన కొలత ఆమెకు గుర్తే.

కోసిన ముక్కలు కుప్పగా పడ్డాయి. తాతయ్య వాటిని ఎత్తుకోబోతే ఆమె ఆపింది. నావైపు తిరిగి నా పలక ముక్క తెమ్మంది. నేను పరుగున వెళ్ళి తెచ్చాను. ఆమె ఒక్కో మెట్టునూ పలకమీద నిలబెట్టి, కత్తి పిడితో తట్టి, పలక చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని పక్కన పెట్టసాగింది. అక్కడ వడ్రంగి ఎదురుచూస్తున్నాడు, పొద్దు నడినెత్తికి వస్తోంది. తాతయ్య ఉండబట్టలేక, నీ ఇంటివే కదా, ఇన్నేళ్ళు నీ నెత్తిమీద కప్పు మోసినవే కదా, ఇంకా ఏం చూస్తావన్నాడు.

"నా ఇంటివైతే మాత్రం? సూడకుండా యెట్ల సెప్పేది" అంది అవ్వ.

ఒకటి పక్కన పారేసింది కూడా. దానికి ఏమైందో నాకు కనబడలేదు. మిగతావి ఇచ్చింది.

మరునాడు ఎండ ఎక్కే వేళకు మా నాయన కిరీటం పెట్టుకుని, విల్లు భుజాన వేసుకుని తపసుమాను దగ్గరికి వచ్చాడు. నల్లటి మెట్ల మీద పసుపు కూడా సరిగ్గా అంటలేదు. ఆయన మొదటి మెట్టు మీద పాదం మోపగానే నేను తల దించేసుకున్నాను. పైకి చూసే ధైర్యం లేక జనంలోకి చూస్తుంటే, అందరికంటే వెనకాల మేదర అవ్వ కనిపించింది. అందరూ అర్జునుడి ముఖం చూస్తున్నారు, ఆమె మాత్రం ఆయన పాదాలనే చూస్తోంది. పాదం ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకు మారినప్పుడల్లా ఆమె గడ్డం కొంచెం పైకి లేచేది. అలా లేస్తూ లేస్తూ ఒకచోట ఆగింది. ఆమె అక్కడే నేలమీద కూలబడి, చీర చెంగుతో మెడ తుడుచుకుంది. అప్పుడు నా తలమీద విభూతి రాలింది. ఆ తెల్లటి పొడి చూసి నేను ఉలిక్కిపడ్డాను, ఆ తరువాతే ఏడ్చాను.

ఆ తరువాత మా తాతయ్య మారిపోయాడని చెబితే అబద్ధమే అవుతుంది. యుద్ధం ముగుస్తుందని ఇంకా రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ తప్పే. ఒక్క వెదురు విషయంలోనే మారాడు. తోటకు వచ్చినవాళ్ళు అదేం వెదురని అడిగితే, "పేరు తెలీదప్పా. నమిలితే తియ్యగా ఉంటాది" అని ఊరుకునేవాడు. చాలా ఏళ్ళకు, వ్యవసాయం చదువుకున్న మా అబ్బాయి ఆ పొదను చూసి దానికి ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. నాకు నోరు తిరగలేదు, గుర్తూ లేదు.

నా గడ్డం మీద మచ్చ ఇంకా ఉంది. ఎవరైనా ఏదైనా మరీ ఖాయంగా చెబుతుంటే నా చెయ్యి ఆ మచ్చమీదికి పోతుంది, నువ్వు చూశావా అని అడుగుతాను. నన్ను ఎవరేం అడిగినా తెలియదు, చూసి చెబుతానంటాను. ఈ మాటతో మా ఇంట్లో అందరికీ విసుగెత్తిపోయింది. ఒకప్పుడు నేను పడిన విసుగు ఇప్పుడు వాళ్ళు పడుతున్నారు, పడనీ.

మొన్న మా మనవరాలు ఈ సంగతంతా విని, ఆ తోట వెదురు మెట్లే పెట్టి ఉంటే మీ నాయన నిజంగా పడిపోయేవాడా అవ్వా అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. నాలుగోది విరగలేదు కదా, ఏమో. ఆ పిల్ల ముఖం చిట్లించింది, జవాబు అలా ఉంటే ఎలా అన్నట్టు. తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పను? కొత్త వాసాలూ తాటాకులూ దొరికి మా బండి వాటిని ఆమె గుడిసెకు చేర్చేదాకా, ఒక వారం రోజులపాటు మేదర అవ్వ సగం కప్పులేని గుడిసెలో ఎండకు నెత్తిన తడిగుడ్డ వేసుకుని చేటలు అల్లింది. అది మాత్రం నేను రోజూ వెళ్ళి చూశాను.